తీపికి కొలత: టాగటోజ్ అనే అరుదైన చక్కెర కథ



ఎవరి పేరిట ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారి దగ్గర రసాయనశాస్త్రం చదువుకున్నవాళ్లు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. ఆయన గుణగణాలు మీకు నేను ఏకరువు పెట్టడం బాగుండదు. ఒక్క అలవాటు మాత్రం గుర్తుచేస్తాను. ఫలానా పదార్థం విషమా కాదా అని ఎవరైనా అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కాదు. "ఎంత?" అని ఎదురు ప్రశ్న వేసేవారు. ఇవాళ్టి నా విషయం ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

మన దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు సుమారు 10.1 కోట్ల మంది అని భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగిన అధ్యయనం 2023లో తేల్చింది. ఇన్ని ఇళ్లలో చక్కెర డబ్బా మీద అనుమానం పడితే దానికి బదులు ఏముందని వెతకడం సహజం. మిఠాయి దుకాణాల్లో "షుగర్ ఫ్రీ" అరలు పెరిగాయి. ఆ అరల్లో ఉన్నది ఏమిటి, దాన్ని ఎలా చేశారు, తినొచ్చని ఎవరు చెప్పారు, ఏ ఆధారంతో చెప్పారు అన్న సంగతులు మాత్రం డబ్బా మీద ఉండవు. ఒక్క పదార్థాన్ని తీసుకుని, అది పుట్టిన దగ్గర్నుంచి అనుమతి దాకా నడిచిన దారిని చూస్తే మిగతావాటిని అర్థం చేసుకునే పద్ధతి పట్టుబడుతుందని నా నమ్మకం. అందుకు టాగటోజ్‌ను ఎంచుకున్నాను.

ముందు ఒక తేడా చెప్పుకోవాలి. ఆస్పర్టేమ్, సుక్రలోజ్, స్టీవియా వంటివి చక్కెర కన్నా వందల రెట్లు తియ్యన. వాటిని మిల్లీగ్రాముల్లో వాడతాం. టీలోకి అది చాలు. మైసూర్‌పాక్‌కు చాలదు. ఆ ముక్కలో చక్కెర తీపి ఒక్కటే ఇవ్వడం లేదు; బరువు, గుల్లదనం, రంగు, నిల్వ అన్నీ అదే ఇస్తోంది. చక్కెర తీసేసి చిటికెడు స్టీవియా వేస్తే మిగిలేది నేతిలో వేగిన శనగపిండి. ఒక చెంచా చక్కెర తీసినచోట ఒక చెంచా నిండుగా మరొకటి పడాలి, అది చక్కెరలాగే ప్రవర్తించాలి, కెలోరీలు మాత్రం తక్కువ ఇవ్వాలి. ఇంత ఆశ పెట్టుకున్నవాళ్లు చివరికి చక్కెరల కుటుంబంలోనే వెతికారు.

ఆ కుటుంబం పెద్దది. ప్రకృతి మాత్రం అందులో కొద్దిమందినే చేరదీసింది. గ్లూకోజ్, ఫ్రక్టోజ్, గాలక్టోజ్ వంటి కొన్ని ఎక్కడ చూసినా ఉంటాయి. మిగతావి, లెక్కకు యాభై దాకా, అక్కడక్కడా ఆనవాలుగా మాత్రమే దొరుకుతాయి. వీటినే అరుదైన చక్కెరలు అంటున్నారు. జపాన్‌లోని కగావా విశ్వవిద్యాలయంలో కెన్ ఇజుమోరి 1990ల మొదట్లో ఒక నేల బ్యాక్టీరియాలో దొరికిన ఎంజైమ్‌తో ఫ్రక్టోజ్‌ను సైకోజ్‌గా మార్చే దారి చూపారు. ఇప్పుడు అల్యూలోజ్ పేరుతో అమ్ముడవుతున్నది అదే. గ్రాముకు 0.4 కెలోరీలుగా లెక్కకట్టవచ్చని, "మొత్తం చక్కెరలు" అన్న పద్దులో కలపనక్కర్లేదని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2019లో ముసాయిదాగా చెప్పి, 2020లో ఖాయం చేసింది. నేటి వార్తల్లో అల్యూలోజే ఎక్కువగా వినిపిస్తోంది. అయినా నేను టాగటోజ్ దగ్గరే ఆగుతాను. భద్రత పరీక్షల్లో దానికి ఎదురైనన్ని మలుపులు మరే చక్కెరకూ ఎదురైనట్టు లేదు.

టాగటోజ్ కొత్తది కాదు. డచ్ రసాయనవేత్తలు లోబ్రి ద బ్రూయిన్, ఆల్బెర్డా వాన్ ఎకెన్‌స్టైన్ 1897లోనే గాలక్టోజ్‌కు క్షారం తగిలించి దాన్ని తయారుచేశారు. ఎక్కువ వేడి తగిలిన పాలలో కాస్త పుడుతుంది. ఆఫ్రికాలో పెరిగే స్టెర్కూలియా సెటిజెరా అనే చెట్టు బంకలోనూ ఉంది. ఆ చెట్టు మనకు మరీ పరాయిది కాదు. మన ఏజెన్సీ అడవుల్లో గిరిజనులు గీసి తెచ్చే తపసి బంక దాని దగ్గరి చుట్టానిదే. టాగటోజ్ తీపి చక్కెరలో 92 శాతం. నోట్లో వేసుకుంటే చక్కెరకూ దీనికీ తేడా పట్టడం కష్టం. ఇన్ని సుగుణాలున్నా తొంభై ఏళ్ల పాటు దాన్ని తినే వస్తువుగా ఎవరూ చూడలేదు.

చూసినవాడు ఆహార శాస్త్రవేత్త కాదు. గిల్బర్ట్ లెవిన్ పారిశుద్ధ్య ఇంజనీరు. నీళ్లలో సూక్ష్మజీవులు ఉన్నాయా లేదా అని త్వరగా తేల్చే పద్ధతుల మీద పనిచేస్తూ ఆ పద్ధతినే అంగారకుడి దాకా తీసుకెళ్లాడు. 1976లో అక్కడ దిగిన వైకింగ్ నౌకల్లో జీవం కోసం వెతికిన ప్రయోగాల్లో ఒకటి ఆయనదే. రేడియోధార్మిక కార్బన్‌తో గుర్తుపెట్టిన పోషకాలను అక్కడి మట్టి మీద చల్లారు. ఏదైనా జీవి వాటిని తింటే ఆ కార్బన్ వాయువుగా బయటికి రావాలి. వాయువు వచ్చింది. అది జీవం కాదు, మట్టిలోని రసాయనాల పని అని నాసా తీర్మానించింది. జీవమేనని లెవిన్ 2021లో చనిపోయేదాకా వాదించాడు. ఆ వివాదం మన పని కాదు. ఆయన చల్లిన పోషకాల్లో కొన్నిటిని ఎడమ, కుడి రూపాలు రెండింటిలోనూ పంపాడన్నది మనకు కావలసిన సంగతి. అంగారకుడి మీద జీవి ఉంటే అది ఏ వాటం అణువులను తింటుందో ఎవరికి తెలుసు?

భూమి మీద మనకు తెలుసు. ఎడమకాలి చెప్పు కుడికాలికి పట్టనట్టు, అద్దంలో ప్రతిబింబంలాంటి ఎల్-గ్లూకోజ్ మన ఎంజైమ్‌లకు పట్టదు. నాలుకకు మాత్రం ఆ పట్టింపు లేదు. రెండూ తియ్యగానే ఉంటాయి. అయితే ఎడమవాటం చక్కెరలు తింటే తీపి ఉంటుంది, కెలోరీలు ఉండవు కదా అని లెవిన్ అనుకున్నాడు. 1981లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. ఆలోచన ఎంత బాగున్నా ఎల్-గ్లూకోజ్ చేయడానికి అయ్యే ఖర్చుతో బంగారం కొనుక్కోవచ్చన్నంత పని అయింది. దానితో ఆయన కంపెనీ మనుషులు ఎడమవాటం కాకపోయినా ఒంటికి సరిగా పట్టని చక్కెరల కోసం వెతికారు. అలా డి-టాగటోజ్ చేతికొచ్చింది. ఫ్రక్టోజ్‌కూ దీనికీ నాలుగో కార్బన్ దగ్గర ఒక్క హైడ్రాక్సిల్ అటుదిటు మారింది, అంతే. దీని పేటెంట్ 1988లో వచ్చింది.

ఇక తయారీ. ముడిసరుకు పాల విరుగుడు తేట. జున్ను చేసే దేశాల్లో ఒకప్పుడు దాన్ని పందులకు పోసేవారు, కాలవల్లోకి వదిలేవారు. అందులోని లాక్టోజ్‌ను లాక్టేజ్ ఎంజైమ్‌తో విడగొడితే గ్లూకోజ్ ఒకటి, గాలక్టోజ్ ఒకటి వస్తాయి. వాటిని వేరుచేసి, గాలక్టోజ్ ద్రావణంలో చల్లగా ఉండగానే సున్నం కలుపుతారు. ఇక్కడే ఉంది చాకచక్యం. క్షారంలో గాలక్టోజ్ టాగటోజ్‌గా మారుతుంది కానీ మారినది మళ్లీ వెనక్కి కూడా మారుతుంది; కొంతసేపటికి రెండూ ఒక సమతౌల్యం దగ్గర నిలిచిపోతాయి. అయితే టాగటోజ్‌కు సున్నంతో కలిసి కరగని ముద్దగా అడుగున చేరే గుణం ఉంది. పుట్టినది పుట్టినట్టే అడుగుకు దిగిపోతుంటే సమతౌల్యం కుదిరేందుకు చోటు ఉండదు, చర్య ముందుకే నడుస్తుంది. తర్వాత ఆ ముద్దను ఆమ్లంతో గానీ కార్బన్ డయాక్సైడ్‌తో గానీ తటస్థం చేస్తే టాగటోజ్ విడిపడుతుంది, సున్నం తెల్లటి మడ్డిగా మిగులుతుంది. బెల్లం గానుగల దగ్గర రసంలో సున్నం వేసి మడ్డి తీసే అనకాపల్లి రైతుకు ఈ ఫ్యాక్టరీని చూపిస్తే సగం పని వెంటనే అర్థమవుతుందని నాకెప్పుడూ అనిపిస్తుంది. ఆ పైన లవణాలు తీసేయడం, క్రోమటోగ్రఫీతో శుద్ధి చేయడం, స్ఫటికాలు కట్టించడం మామూలుగా జరిగేవే. ఎల్-అరబినోజ్ ఐసోమరేజ్ అనే ఎంజైమ్‌తోనూ గాలక్టోజ్‌ను టాగటోజ్‌గా మార్చవచ్చు. ఆ దారిలో రసాయనాలు తక్కువ పడతాయి కానీ సమతౌల్యం అడ్డం నిలుస్తుంది.

తయారైన తెల్లటి పొడిని మనుషులు తినవచ్చా? అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

ఆహారంలో వాడే కొత్త పదార్థానికి భద్రత కొలత ఎలా కడతారో కాస్త చెప్పాలి. ఎలుకలకు వేర్వేరు మోతాదుల్లో పెడతారు. ఏ దుష్ఫలితమూ కనబడని అతిపెద్ద మోతాదును గుర్తిస్తారు. ఎలుక నుంచి మనిషికి పది వంతులు, మనిషికీ మనిషికీ ఉండే తేడాకు మరో పది వంతులు తగ్గించి, అంటే నూటితో భాగించి, జీవితమంతా రోజూ తిన్నా ఫరవాలేదనే మోతాదు నిర్ణయిస్తారు. ఆస్పర్టేమ్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం జెక్ఫా పెట్టిన హద్దు శరీర బరువులో కిలోకు 40 మిల్లీగ్రాములు. అరవై కిలోల మనిషికి 2.4 గ్రాములు. చూడ్డానికి తక్కువే; కానీ ఆస్పర్టేమ్ రెండు వందల రెట్లు తియ్యన కాబట్టి అది దాదాపు అరకిలో చక్కెర తీపికి సమానం. ఎవరూ అంత తినరు. నూటితో భాగించినా బోలెడు చోటు మిగిలింది.

ఇదే లెక్క టాగటోజ్‌కు వేయండి. ఇది చెంచాల్లో తినే వస్తువు. రోజుకు 45 గ్రాములు తినాలనుకుంటే, అరవై కిలోల మనిషికి కిలోకు 0.75 గ్రాములు. దానికి నూరు రెట్లు అంటే ఎలుకకు కిలో బరువుకు 75 గ్రాములు పెట్టి చూడాలి. పెద్ద ఎలుక బరువు నాలుగు వందల గ్రాములనుకుంటే అది రోజంతా తినేది ఇరవై గ్రాములు, అంటే కిలోకు 50. దాని తిండి మొత్తం తీసేసి ఉత్త టాగటోజే పెట్టినా పరీక్ష పూర్తికాదు! నూటితో భాగించే పద్ధతి మిల్లీగ్రాముల వస్తువుల కోసం పుట్టింది. గ్రాముల్లో తినే వస్తువు ముందు అది చేతులెత్తేస్తుంది. తిండినే పరీక్షించాల్సి వచ్చినప్పుడు అంకెను భాగించడం కాదు, ఒంట్లో అది ఏం చేస్తోందో అర్థం చేసుకోవడమే దారి. నేను ఇవాళ చెప్పదలుచుకున్నది ఇదొక్కటే. మిగతాదంతా దీనికి సాక్ష్యం.

ఎలుకల తిండిలో 20 శాతం దాకా టాగటోజ్ కలిపి 90 రోజులు పెట్టారు. ఎక్కువ మోతాదుల్లో కాలేయం పెద్దదైంది, కాలేయ కణాలు ఉబ్బాయి. మామూలు రసాయనానికి ఇలా జరిగితే ఆ ఫైలు అక్కడితో మూసేస్తారు. ఇక్కడ మూయలేదు, ఎందుకు పెరిగిందని అడిగారు.

జవాబు కోసం టాగటోజ్ వెంట ఒంట్లోకి వెళ్లాలి. తిన్నదాంట్లో పెద్ద భాగం చిన్నపేగులో పీల్చుకోబడదు. పెద్దపేగుకు చేరి అక్కడి బ్యాక్టీరియాకు తిండి అవుతుంది. అవి దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ వంటి చిన్న కొవ్వు ఆమ్లాలుగా మారుస్తాయి. కెలోరీలు తగ్గడానికి కారణం ఇదే. అమెరికా లెక్కలో గ్రాముకు 1.5, చక్కెరకు 4. కొద్దిపాటిగా రక్తంలోకి వెళ్లింది కాలేయానికి చేరి ఫ్రక్టోజ్ నడిచే దారిలోనే నడుస్తుంది. ఒక ఫాస్ఫేట్ తగిలించుకుని టాగటోజ్-1-ఫాస్ఫేట్ అవుతుంది. తర్వాత ఆల్డొలేజ్ బి అనే ఎంజైమ్ దాన్ని రెండు ముక్కలు చేయాలి. ఫ్రక్టోజ్ ఫాస్ఫేట్‌ను ఆ ఎంజైమ్ చురుగ్గానే కోస్తుంది. దీన్ని కోయడానికి మొరాయిస్తుంది. దానితో ఫాస్ఫేట్ తగిలించుకున్న టాగటోజ్ కాలేయంలో కాసేపు పోగుపడుతుంది. అది పోగుపడినంతసేపూ నిల్వ చక్కెర అయిన గ్లైకోజెన్ కరిగే పని మందగిస్తుంది. ఎలుకల్లో కాలేయం పెరిగింది కొవ్వుతోనో వాపుతోనో కాదు, కరగకుండా నిలిచిన గ్లైకోజెన్‌తో. కణాలు చచ్చిపోయిన జాడ కనబడలేదు.

ఇక్కడ ఒక తెలుగు పేరు చెప్పకుండా ముందుకు సాగలేను. చక్కెరకు ఫాస్ఫేట్ తగిలించాలంటే ఆ ఫాస్ఫేట్‌ను ఇచ్చేది ఏటీపీ. దాన్ని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరంలో గుర్తించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడు జర్మనీలో లోహ్‌మన్ కూడా స్వతంత్రంగా కనుగొన్నాడు. అంతకు నాలుగేళ్ల ముందు, 1925లో, రక్తంలోనూ కణజాలంలోనూ భాస్వరాన్ని రంగును బట్టి కొలిచే పద్ధతిని ఫిస్కే, సుబ్బారావు ప్రచురించారు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అన్న మాట మీ ప్రాక్టికల్స్ పుస్తకంలో చూసే ఉంటారు. కాలేయంలో ఫాస్ఫేట్ ఎక్కడికి పోతోంది, ఏటీపీ ఎంత తగ్గింది అని అడగడానికి ముందు వాటిని కొలవచ్చు అని తెలియాలి కదా. మనం ఆయన పేరు మీద గర్వపడటంతో ఆగిపోతాం. ఆయన కొలత ఏయే ప్రశ్నలకు తలుపు తీసిందో విద్యార్థులకు చెప్పడం తక్కువ.

టాగటోజ్ విషయంలో ఆ ప్రశ్న మనుషుల మీదే అడిగారు. 2000లో ప్రచురితమైన ఒక డేనిష్ అధ్యయనంలో అయిదుగురు 30 గ్రాముల టాగటోజ్ తాగారు. భాస్వరం సంకేతాలను పట్టే అయస్కాంత అనునాద పరికరంతో వాళ్ల కాలేయాన్ని బయటి నుంచే చూశారు. తాగిన కాసేపటికి చక్కెర ఫాస్ఫేట్ జాడ పైకి లేచింది, ఏటీపీ కొంత తగ్గింది, తర్వాత మామూలు స్థితికి వచ్చింది. ఏటీపీ ఖర్చయి విరిగితే చివరికి మిగిలేది యూరిక్ ఆమ్లం. పెద్ద మోతాదు తిన్నవారి రక్తంలో అది తాత్కాలికంగా పెరగడమూ కనబడింది. గౌట్ ఉన్నవాళ్లకు ఇది పట్టించుకోవలసిన సంగతే. బెర్న్‌లో పన్నెండు మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లకు 28 రోజుల పాటు పూటకు 15 గ్రాముల చొప్పున రోజుకు 45 గ్రాములు ఇచ్చి, మామూలు చక్కెర ఇచ్చిన రోజులతో పోల్చారు. వాళ్ల కాలేయం పరిమాణంలో గానీ గ్లైకోజెన్‌లో గానీ ఎలుకల్లో చూసిన పెరుగుదల లేదు.

ఈ ఆధారాలన్నీ జెక్ఫా ముందుకు వెళ్లాయి. 2001లో ఆ సంఘం మనుషులకిచ్చిన 45 గ్రాముల మోతాదునే, అంటే కిలోకు 0.75 గ్రాములనే, ఆధారంగా తీసుకుంది. ఎలుకల అంకె మీద నిలబడలేదు కాబట్టి నూటితో కాకుండా పదితో భాగించింది. వచ్చినదాన్ని సర్ది పెట్టిన హద్దు కిలోకు 80 మిల్లీగ్రాములు. అరవై కిలోల మనిషికి 4.8 గ్రాములు, రోజు మొత్తానికి ఒక్క చెంచా! చక్కెరకు బదులుగా వాడుకోండని తెచ్చిన వస్తువుకు రోజుకొక చెంచా హద్దు పెట్టడం అంటే వద్దని మర్యాదగా చెప్పడమే. అదే ఏడాది అమెరికా ఆహార, ఔషధ సంస్థ, సాధారణంగా సురక్షితమన్న తయారీదారు వాదనకు తనకు అభ్యంతరం లేదని లేఖ ఇచ్చింది. ఒకే ఆధారాలు చూసి ఒకరు చెంచా అన్నారు, ఒకరు కానివ్వమన్నారు.

2003లో జెక్ఫా మళ్లీ కూర్చుంది. ఈసారి రెండేళ్ల ఎలుకల పరీక్ష ఫలితాలు వచ్చాయి. అందులో ఎడ్రినల్ గ్రంథుల్లో మార్పులు, మూత్రపిండాల్లో సున్నం పేరుకుపోవడం కనబడ్డాయి. సంఘం భాజకాన్ని పది నుంచి మూడుకు తగ్గించింది, కానీ ఎడ్రినల్స్ సంగతి తేలలేదు కాబట్టి మరో రెండుతో భాగించింది. 0.75ను ఆరుతో భాగిస్తే 125 మిల్లీగ్రాములు. దానికి "తాత్కాలికం" అని పేరు పెట్టి, ఎడ్రినల్ మార్పులు మనుషులకు వర్తిస్తాయో లేదో చెప్పమని అడిగింది.

ఆ జవాబు కొత్త ప్రయోగం కన్నా పాత జ్ఞానం నుంచే ఎక్కువ వచ్చింది. జైలిటాల్, లాక్టిటాల్ వంటి, పేగులో సరిగా పీల్చుకోబడని పిండిపదార్థాలు పెద్దమొత్తంలో పెట్టిన ఎలుకలన్నిటిలోనూ ఇవే మార్పులు అంతకుముందే కనబడ్డాయి. పెద్దపేగులో పులిసినప్పుడు ఎలుక కాల్షియాన్ని విపరీతంగా పీల్చుకుంటుంది. ఒంట్లో కాల్షియం లెక్క తప్పుతుంది. మూత్రపిండాల్లో సున్నం చేరడానికీ ఎడ్రినల్స్ మారడానికీ కారణం అదే. అది ఎలుక ఒళ్లు చేసే పని, టాగటోజ్ విషగుణం కాదు. 2004లో జెక్ఫా అంకెను పూర్తిగా తీసేసి, హద్దు "నిర్దేశించనవసరం లేదు" అంది. మూడేళ్లలో ఒక చెంచా నుంచి హద్దే లేనంతవరకు! పదార్థం మారలేదు, అందులో ఒక్క అణువూ మారలేదు. అర్థం చేసుకోవడం మారింది.

దీన్ని చూసి కొందరు, కంపెనీ ఒత్తిడికి సంఘం తలవంచిందంటారు. నేను అలా అనుకోను. కంపెనీ పరీక్షలకు డబ్బు పెట్టిన మాట నిజం, కొత్త పదార్థాల పరీక్షలన్నిటికీ పెట్టేది తయారీదారులే. ఆ పద్ధతి మీద నాకూ అభ్యంతరాలున్నాయి. కానీ ఇక్కడ ప్రతి మెట్టు దగ్గరా సంఘం తన సందేహం ఏమిటో రాసిపెట్టింది, ఏ జవాబు వస్తే ఏం చేస్తానో ముందే చెప్పింది. చీకట్లో మారిన నిర్ణయం కాదు. పైగా "హద్దు లేదు" అంటే ఎంతైనా తినమని కాదు. వంశపారంపర్యంగా ఫ్రక్టోజ్ పడనివాళ్లు, అంటే ఆల్డొలేజ్ బి లోపించినవాళ్లు, దీన్ని ముట్టుకోకూడదు. వాళ్లకు ఇది ప్రమాదమే. మిగతావాళ్లకు హద్దు పెట్టేది పేగే. ఒక్కసారి 30 గ్రాములు తిన్నవారిలో కొందరికి కడుపుబ్బరం, వికారం, విరేచనాలు వచ్చాయి. యూరప్‌లో 2005లో అనుమతి ఇస్తూ, వడ్డనకు 15 గ్రాములు దాటినా, పానీయంలో ఒక శాతం దాటినా ఎక్కువ తింటే విరేచనాలు కావచ్చని డబ్బా మీద రాయాలన్నారు.

ఇంత కష్టపడి గెలిచాక జరిగింది మరీ విచిత్రం. డెన్మార్క్‌లోని ఆర్లా, జర్మనీ చక్కెర కంపెనీ నార్డ్‌జుకర్ కలిసి స్వీట్‌గ్రీడియంట్స్ అనే సంస్థ పెట్టి, 2003లో జర్మనీలో తయారీ మొదలుపెట్టాయి. 2006కల్లా ఆపేశాయి. విషమని కాదు, కొనేవాళ్లు లేక. లాక్టోజ్‌లో సగం గ్లూకోజ్‌గా పోతుంది, మిగిలిన సగంలోనూ శుద్ధి ఖర్చులు. చక్కెర అతి చౌక వస్తువు. దానికి పోటీగా వచ్చే ఏదైనా సరే ధర దగ్గర ఓడిపోతుంది. దంతాలకు హాని చేయదన్న మాటను డబ్బా మీద రాసుకోవడానికి అమెరికాలో 2002లో అనుమతి దొరికింది కానీ, అదే డబ్బా వెనుక "చక్కెరలు" అన్న పద్దులో టాగటోజ్ గ్రాములన్నీ చక్కెరగానే చేరాయి. కొనేవాడు ముందు వైపు చదవడు, వెనుక వైపే చూస్తాడు. అల్యూలోజ్‌కు దొరికిన మినహాయింపు విలువ ఇప్పుడు మీకు అర్థమవుతుంది.

లెవిన్ కంపెనీ టాగటోజ్‌ను వదల్లేదు. ఆహారంగా అమ్ముడుపోకపోతే మందుగా అమ్ముదామనుకుంది. రెండో రకం మధుమేహం ఉన్నవారికి భోజనంతో పాటు పూటకు 15 గ్రాములు ఇచ్చే మూడో దశ పరీక్షను అమెరికాతో పాటు మన దేశంలోనూ జరిపింది. రక్తంలో చక్కెర సగటు తగ్గింది కానీ తగ్గినది కొద్దిపాటే. ఉన్న మాత్రలతో పోటీపడేంత లేదు. ఆ దారి అక్కడితో ఆగింది. "మధుమేహాన్ని తగ్గించే చక్కెర" అని ఎవరైనా అమ్మజూపితే ఈ పరీక్ష గుర్తుంచుకోండి.

తయారీలో మాత్రం కొత్త గాలి వీస్తోంది. అమెరికాలో వర్జీనియాలోని బోనుమోస్ కంపెనీ పాలను వదిలేసి పిండితో మొదలుపెట్టింది. వరుసగా కొన్ని ఎంజైమ్‌లు పిండిపదార్థానికి ఫాస్ఫేట్ తగిలించి, ఆ ఫాస్ఫేట్ ఉన్న చక్కెరను ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చుకుంటూ వెళతాయి. చివరి ఎంజైమ్ ఫాస్ఫేట్‌ను ఊడదీస్తుంది. ఆ ఊడదీయడం వెనక్కి తిరగని చర్య కాబట్టి సమతౌల్యం బెడద లేదు. ఊడిన ఫాస్ఫేట్ మళ్లీ మొదటి మెట్టుకు పనికొస్తుంది. సున్నంతో ముద్దకట్టించి సాధించినదాన్ని ఇప్పుడు భాస్వరంతో సాధిస్తున్నారు. మన దగ్గర మొహాలీలోని ప్రభుత్వ జీవసాంకేతిక సంస్థల్లో అరుదైన చక్కెరల కోసం వేడినీటి ఊటల సూక్ష్మజీవుల జన్యువుల నుంచి ఎంజైమ్‌లు తీసే పని జరుగుతోంది. చెరకు, జొన్న, మొక్కజొన్న, బియ్యపు నూకలు పుష్కలంగా ఉన్న రెండు తెలుగు రాష్ట్రాల్లో ఈ పని మీద ఒక్క ప్రయోగశాల అయినా పట్టుదలగా కూర్చోవాలని నా కోరిక.

వంటింటి గురించి ఒక్క మాట. టాగటోజ్ చక్కెర కన్నా త్వరగా, తక్కువ వేడికే రంగు తిరుగుతుంది. దాని అణువు చక్కెర అణువులో సగం కాబట్టి తీగపాకం, ఉండపాకం లెక్కలు దీనికి అలాగే కుదరవు. కాజాలు, అరిసెలు చేసేవాళ్లు కొత్తగా చేయి తిప్పుకోవాల్సి ఉంటుంది. అది వాళ్లు నేర్చుకోగలరు. వాళ్లకు అంకెలు ఇవ్వాల్సినవాళ్లం మనం.

విద్యార్థులకూ, మిఠాయి వ్యాపారులకూ చెరొక విన్నపంతో ముగిస్తాను. వ్యాపారులారా, "షుగర్ ఫ్రీ" అని పెద్ద అక్షరాలతో రాస్తున్నారు. దాని కింద ఏ తీపి పదార్థం వాడారో, ఒక్కో ముక్కలో ఎన్ని గ్రాములుందో తెలుగులో చిన్న అక్షరాలతోనైనా రాయండి. విద్యార్థులారా, ఈ ఏడాది ప్రాజెక్టు పనిగా మీ ఊళ్లో అమ్ముడవుతున్న ఆ డబ్బాలు పది సేకరించండి. వాటి మీద ఉన్న తీపి పదార్థం పేరు, గ్రాములు, దానికి జెక్ఫా పెట్టిన హద్దు మూడు గడుల్లో రాసి, మీ కళాశాల నోటీసు బోర్డు మీద అంటించండి.